చిన్నపిల్లలతో హైదరాబాద్‌లో ఒక రోజు ట్రిప్ ఎలా ప్లాన్ చేస్కోవాలి

ఆరేడేళ్ళ లోపు పిల్లలున్న ఇంట్లో ఆదివారం బయటికెళ్దాం అని అనుకోగానే ఏం చేస్తామంటే, పొద్దున జూ, మధ్యాహ్నం సాలార్‌జంగ్ మ్యూజియం, సాయంత్రం చార్మినార్, వచ్చేదార్లో ట్యాంక్‌బండ్ అని లిస్ట్ రాసేస్కుంటాం, ఇక విజయవాడ నుంచో కర్నూలు నుంచో చుట్టాలు దిగితే ఆ లిస్ట్‌లో గోల్కొండ కూడా చేరిపోద్ది. పెద్దవాళ్ళకే అది కష్టం, మూడేళ్ళ పిల్లకి ఎలా కుదురుతుంది చెప్పండి. మధ్యాహ్నం రెండయ్యేసరికి పిల్ల రోడ్డు మీద కూర్చుని ఏడుపు, నాన్నకి కోపం, అమ్మకి తలనొప్పి, నానమ్మకి మోకాళ్ళ నొప్పులు. అందుకే నేను ఎవరడిగినా గట్టిగా చెప్పేది ఒకటే, రోజుకి ఒక్క చోటు, అది కూడా పొద్దున గేటు తీసే టైముకి వెళ్ళి పిల్లలు ఇంకా హుషారుగా ఉండగానే వెనక్కి వచ్చేయడం. మిగతాదంతా దీని చుట్టూనే ప్లాన్ చేస్కోవాలి.

ముందు ఎక్కడికో తేల్చుకోండి

మనకి చూడాలని ఉన్న చోటు కాదు, పిల్లల వయసుకి సరిపోయే చోటు పట్టుకోండి. రెండు మూడేళ్ళ వాళ్ళకి కదిలేవి కావాలి, అంటే జంతువులు, రైలు, పడవ, నీళ్ళు. వాళ్ళకి బహదూర్‌పురా జూ, లుంబినీ పార్క్ బోటు, ఎన్టీఆర్ గార్డెన్స్ లాంటివి బాగుంటాయి. నాలుగైదేళ్ళు వచ్చాక ప్రశ్నలు మొదలవుతాయి కదా, అప్పుడు సాలార్‌జంగ్, బిర్లా సైన్స్ మ్యూజియం పట్టండి. గోల్కొండ పైదాకా ఎక్కించాలంటే కనీసం ఏడేళ్ళు వచ్చేదాకా ఆగండి, మెట్లు మెట్లు కావు అవి, ఒక్కోటి పిల్లల మోకాలి దాకా వస్తది, పైగా చాలాచోట్ల పక్కన పట్టుకోడానికి ఏమీ ఉండదు. చిన్నవాళ్ళు ఉంటే కింద ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టించి, ఈ చప్పుడు పైన కొండమీద బాలాహిసార్ దాకా వినపడుద్ది, శత్రువులొస్తే ఇలాగే పైకి కబురు పంపేవాళ్ళు అని చెప్తే చాలు, దానికే ఎగిరి గంతేస్తారు, అటునుంచి అటే వెనక్కి వచ్చేయండి.

చార్మినార్ విషయం కూడా అంతే, 1591లో కట్టింది, తప్పకుండా చూపించాలి, కానీ పైకెక్కే మెట్లు ఇరుకు, మెలికలు తిరిగి ఉంటాయి, చంటిపిల్లని ఎత్తుకుని ఎక్కడం మంచిది కాదు. కింద నుంచే చూపించి, లాడ్ బజార్‌లో పిల్లకి ఒక డజను గాజులు వేయించండి.

సెలవు ఏ రోజో చూసుకోండి

ఇది చాలామంది మర్చిపోతారు. జూకి సోమవారం సెలవు. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్, పబ్లిక్ గార్డెన్స్‌లో ఉన్న స్టేట్ మ్యూజియం, మూడూ శుక్రవారం మూసేస్తారు. గేటు దాకా తీసుకెళ్ళి తాళం చూపిస్తే పిల్లలు ఆ రోజంతా మర్చిపోరు. బయల్దేరే ముందు రోజు ఒకసారి టైమింగ్స్, టికెట్ రేట్లు చూసేస్కోండి, పండగలకి మారుతుంటాయి.

కుదిరితే ఆదివారం వద్దు. శనివారం పెట్టుకోండి, జనం కొంచెం తక్కువ, పైగా ఆదివారం పిల్లలు లేటుగా లేచినా పర్లేదు. నెలల్లో ఐతే నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా బెస్ట్. ఏప్రిల్, మే నెలల్లో ఎండ నలభై దాటుద్ది, అప్పుడు జూ లాంటి ఓపెన్ ప్లేస్ అస్సలు వద్దు, నీడపట్టున ఉండే మ్యూజియాలే పెట్టుకోండి. వేసవి సెలవలకి చుట్టాల పిల్లలొచ్చి జూ జూ అని గోల చేస్తే, పొద్దున ఎనిమిదిన్నరకి గేటు దగ్గరుండి పదకొండుకల్లా బయటపడేలా ఐతేనే తీసుకెళ్ళండి.

ముందు రోజు రాత్రి చేసే పనులు

బ్యాగ్ రాత్రే సర్దేయండి, పొద్దున సర్దితే గంట లేటు. పెద్ద బ్యాగ్ వద్దు, చాలాచోట్ల క్లోక్‌రూమ్‌లో పెట్టమంటారు, పాలసీసా కూడా అందులోనే ఉండిపోతే ఇంక అంతే. వెనక తగిలించుకునే చిన్న బ్యాగ్ ఒకటి, అందులో ప్రతి పిల్లకీ ఒక జత బట్టలు, ఒక టవల్, తడి బట్టలకి ఒక గుడ్డసంచీ, వైప్స్, డైపర్ వేసే వాళ్ళకి మీరనుకున్నదానికంటే రెండు ఎక్కువ డైపర్లు, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, జ్వరం మందు డాక్టర్ రాసిచ్చింది, టోపీ. నీళ్ళు స్టీల్ బాటిల్‌లో పోయండి, జూ లాంటి చోట ప్లాస్టిక్ గేటు దగ్గరే ఆపుతారు. పాత న్యూస్‌పేపర్ రెండు షీట్లు పెట్టుకోండి, కింద పరుచుకోడానికీ, చేతులు తుడవడానికీ అన్నిటికీ పనికొస్తది.

తిండి మాత్రం ఇంటి నుంచే. ఇడ్లీ మీద కారప్పొడి కాకుండా నెయ్యి, కొంచెం పంచదార రాసి డబ్బాలో పెడితే చల్లారినా తింటారు. పెరుగన్నంలో పెరుగు తక్కువ పాలు ఎక్కువ పోసి కలపండి, మధ్యాహ్నానికి పులవకుండా ఉంటది, దానిమ్మ గింజలు పైన వేస్తే పేచీ పెట్టకుండా తినేస్తారు. పెద్దవాళ్ళకి పులిహోర. పొద్దున కారెక్కే ముందు పూరీలు, నూనె వస్తువులు పెట్టకండి, ఔటర్ రింగ్ రోడ్డు మీద స్పీడుకో, పాతబస్తీ ట్రాఫిక్‌లో బ్రేకులకో కక్కేసుకుంటారు.

ఇంకొకటి, రాత్రే పిల్లలకి రేపు ఎక్కడికెళ్తున్నామో కథలా చెప్పండి. "రేపు మనం జిరాఫీని చూస్తాం, అది ఆకులు ఎలా తింటదో చూసొద్దాం" అని ఒక్కటే చెప్పండి, పది చెప్పకండి. పొద్దున లేచాక ఆ ఒక్కదాని కోసమే ఎదురు చూస్తారు, అది చూపించేస్తే వాళ్ళ లెక్కలో ట్రిప్ సక్సెస్ అయిపోయినట్టే, మిగతావి చూడకపోయినా బాధ ఉండదు. కొనే విషయం కూడా ఇంట్లోనే తేల్చేయండి, బుడగలు కావాలా, పీచుమిఠాయి కావాలా, ఏదో ఒక్కటే, వచ్చేటప్పుడే కొనేది అని. గేటు బయట బొమ్మల బండి చూశాక చెప్తే ఎవరూ వినరు.

ఎలా వెళ్ళాలి

కారుంటే కారు, కానీ సాలార్‌జంగ్, చార్మినార్ వైపు పార్కింగ్ చాలా కష్టం, అటు మాత్రం మెట్రోనే హాయి. ఎంజీబీఎస్ స్టేషన్‌లో దిగితే అక్కడి నుంచి సాలార్‌జంగ్‌కి ఆటోలో దగ్గరే. బిర్లా మందిర్, సైన్స్ మ్యూజియం కోసం ఐతే అసెంబ్లీ స్టేషన్‌లోనో లక్డీకాపూల్‌లోనో దిగి ఆటో ఎక్కండి, కొండెక్కే రోడ్డు అది, పిల్లలతో నడవడం ఎందుకు. పిల్లలకి మెట్రో ఎక్కడమే పెద్ద ట్రిప్, ముందు బోగీలో కిటికీ పక్కన నిలబెడితే దిగమంటే దిగరు. ఎస్కలేటర్ మీద మాత్రం జాగ్రత్త, ఇప్పుడు అందరు పిల్లలూ వేసుకునే మెత్తని రబ్బరు చెప్పులు పక్కన పళ్ళ మధ్య ఇరుక్కుపోతాయి, ఎత్తుకోండి లేదా లిఫ్ట్‌లో వెళ్ళండి. అసలు ఆ రోజుకి వెనక బెల్టున్న శాండిల్సో షూసో వేస్తే మంచిది.

ఆర్టీసీ బస్సు ఐతే 2023 డిసెంబర్ నుంచి మహాలక్ష్మి స్కీమ్‌లో తెలంగాణ ఆడవాళ్ళకి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో టికెట్ లేదు కదా, అమ్మమ్మ, నానమ్మ అందరూ ఆధార్ కార్డు పెట్టుకోండి. ఐతే ఆదివారం సాయంత్రం జూ నుంచి వచ్చే బస్సుల్లో కాలు పెట్టే చోటుండదు, వెళ్ళేటప్పుడు బస్సు, వచ్చేటప్పుడు ఆటో అని పెట్టుకుంటే నిద్రపోయే పిల్లని నిలబడి మోయక్కర్లేదు.

జూ ఐతే ఇలా చేయండి

నెహ్రూ జూ పార్క్ 1963లో మొదలైంది, మీరాలం చెరువు పక్కన 380 ఎకరాలు. ఈ ఎకరాల లెక్క ఎందుకు చెప్తున్నానంటే, అది మూడేళ్ళ పిల్లలు నడిచే దూరం కాదు, మీరు ఎత్తుకుని నడిచే దూరం కూడా కాదు. లోపలికి వెళ్ళగానే ఏ బోనూ చూడకుండా ముందు బ్యాటరీ బండి టికెట్ తీసేస్కోండి, పదిన్నర తర్వాత అక్కడ పెద్ద క్యూ ఉంటది. స్ట్రోలర్ ఉంటే తీసుకెళ్ళండి, తారు రోడ్లే కాబట్టి బాగానే వెళ్తది, పిల్ల ఎక్కకపోయినా బ్యాగులు పెట్టుకోవచ్చు.

పొద్దున పూట జంతువులు లేచి తిరుగుతుంటాయి, ఎండెక్కాక పులులు నీడలో ఎక్కడో పడుకుంటాయి, పిల్లలు "ఏదీ ఏదీ" అని అడిగి అడిగి విసిగిపోతారు. కాబట్టి పులులు, సింహాలు ముందు, ఏనుగు, జిరాఫీ, నీటిగుర్రం తర్వాత, పక్షులు ఆఖర్న. సఫారీకి టికెట్ వేరే, కిటికీలకి జాలీ ఉన్న బండిలో తీసుకెళ్తారు, చిన్నపిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని కిటికీ వైపు మీరుండండి. రాత్రి తిరిగే జంతువులు పెట్టిన గది ఒకటుంది, లోపల చీకటి, మూడేళ్ళ వాళ్ళు భయపడతారు, వద్దంటే బలవంతం చేయకండి, ఒకళ్ళు బయట పిల్లతో ఉండి ఇంకొకళ్ళు పెద్దపిల్లాడిని తీసుకెళ్ళండి. టాయ్ ట్రైన్ ఆఖర్న పెట్టుకోండి, అప్పటికి కాళ్ళు నొప్పులు పుట్టుంటాయి, కూర్చుని తిరగొచ్చు.

ఒక మాట, జంతువుల ముందు ఆగినప్పుడు కాసేపు ఆగండి. మనం ఫోటో తీసి పదండి పదండి అంటాం. నీటిగుర్రం నీళ్ళలో మునిగి చెవులు మాత్రమే పైకి పెట్టి ఉంటది, పెద్దవాళ్ళు ఏముందిక్కడ అని వెళ్ళిపోతారు, పిల్లల్ని అక్కడే నిలబడనిస్తే ఆ చెవులు టపటపా కొట్టుకుని నీళ్ళు చిమ్మడం, తర్వాత ముక్కులు బుస్సుమని తెరుచుకోవడం, ఆఖర్న ఆ తల పైకి రావడం అన్నీ చూస్తారు. పావుగంట పట్టనివ్వండి, నాలుగు బోన్లు తక్కువ చూసినా నష్టం లేదు. బోను దగ్గర రాళ్ళేసేవాళ్ళు, అరిచేవాళ్ళు కనపడతారు, మన పిల్లలకి అక్కడే నెమ్మదిగా చెప్పండి అలా చేయకూడదని, తినేవి విసరకూడదని, ఈ వయసులో విన్నది గుర్తుండిపోద్ది.

జూ దగ్గర్లోనే సుధా కార్ మ్యూజియం ఉంది, సుధాకర్ గారు చేత్తో చేసిన కార్లు, షూ ఆకారంలో, కెమెరా ఆకారంలో, బ్యాట్ ఆకారంలో. పిల్లలకి భలే నచ్చుద్ది, కానీ జూ అయ్యాక అదే రోజు వద్దు, ఇంకోసారి ఒక పూట పెట్టుకోండి, చిన్నదే కాబట్టి తొందరగా అయిపోద్ది.

సాలార్‌జంగ్ ఐతే

చిన్నపిల్లలకి మ్యూజియం ఏంటి అంటారు చాలామంది, నేను ఒప్పుకోను. పది గంటలకి తీయగానే వెళ్ళండి, పదకొండు గంటల గడియారం మీ టార్గెట్. కుక్ అండ్ కెల్వీ కంపెనీ గడియారం అది, లోపల సుత్తి పట్టుకున్న చిన్న మనిషి సెకనుకొకసారి కొడుతూనే ఉంటాడు, గంట అవ్వగానే తలుపు తెరుచుకుని గడ్డం బొమ్మ ఒకటి బయటికొచ్చి ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట కొట్టి మళ్ళీ లోపలికి వెళ్ళిపోద్ది. పదీ నలభైకే అక్కడికి చేరి ముందు వరసలో కూర్చోండి, వెనకైతే పిల్లలకి ఏమీ కనపడదు, భుజాల మీద ఎక్కించుకుంటే వెనకవాళ్ళకి అడ్డం. పన్నెండు గంటల గడియారానికి ఇంకా ఎక్కువ జనం, అందుకే పదకొండు అంటున్నా. బొమ్మ కొడుతుంటే పిల్లలతో పాటు వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టండి, పదకొండు రావాలి.

గడియారం ముందు దొరికే టైములో రెండే చూపించండి. ఒకటి ముసుగేసుకున్న రెబెక్కా పాలరాతి బొమ్మ, ఇటలీ శిల్పి బెంజోనీ చేసింది. పిల్లని ఎత్తుకుని మొహం ఎదురుగా పట్టుకోండి, "ఆ ముసుగు గుడ్డా రాయా" అని అడగండి, కొన్నాళ్ళ పాటు వాళ్ళు అదే చెప్తుంటారు. రెండోది చెక్క బొమ్మ, ముందు నుంచి చూస్తే గర్వంగా నిలబడ్డ మగమనిషి మెఫిస్టోఫిలిస్, వెనక అద్దం పెట్టారు, అందులో చూస్తే తల వంచుకున్న అమ్మాయి మార్గరెట్టా, ఒకే దుంగలో ఇద్దరు. పిల్లలకి ముందు చెప్పకండి, ముందు వైపు చూపించి, తర్వాత అద్దంలో చూడమనండి. గడియారం అయ్యాక ఓపికుంటే బొమ్మల గ్యాలరీ, కత్తుల గ్యాలరీ, లేదంటే బయటికొచ్చేయండి. ఇదంతా ఒక్క కుటుంబం వాళ్ళు పోగేసిన వస్తువులే, అందులో ఎక్కువ మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ కొన్నవి, ఒక్క రోజులో అన్నీ చూడటం పెద్దవాళ్ళ వల్ల కూడా కాదు. పెద్దవాళ్ళు వెంట ఉంటే గేటు దగ్గర వీల్‌చైర్ అడగండి, సిగ్గుపడక్కర్లేదు.

బిర్లా సైన్స్ మ్యూజియం, ప్లానెటేరియం

డైనోసార్ పిచ్చి ఉన్న పిల్లలుంటే వేరే ఆలోచన వద్దు, ఇక్కడికే తీసుకెళ్ళండి. ఇక్కడ నిలబెట్టిన అస్థిపంజరం కోటాసారస్ అనే డైనోసార్‌ది, మన పాత ఆదిలాబాద్ జిల్లాలో యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలు. అది మాంసం తినేది కాదు, ఆకులు తినేది, పొడవు దాదాపు తొమ్మిది మీటర్లు. టీవీలో చూసే డైనోసార్లన్నీ ఎక్కడో అమెరికాలో ఉండేవి అనుకునే పిల్లాడికి "ఇది మనదే, గోదావరి దగ్గర తిరిగింది" అని చెప్పండి, కళ్ళు ఎంత పెద్దవి చేస్తాడో చూడండి. తోక దగ్గర మొదలుపెట్టి తల దాకా అడుగులు లెక్కపెడుతూ నడిపించండి, ఎంత పొడవో అప్పుడు అర్థమవుద్ది.

ప్లానెటేరియం షో ఐదేళ్ళ లోపు వాళ్ళకి కొంచెం కష్టమే, ఒక్కసారిగా చీకటి పడుద్ది, మధ్యలో లేచి బయటికి రావడం ఇబ్బంది. తీసుకెళ్తే తెలుగు షో టైమ్ ఎప్పుడో కనుక్కుని దానికే టికెట్ తీసుకోండి, ఇంగ్లీష్ షోలో కూర్చోబెడితే పది నిమిషాలకే "ఇంటికెళ్దాం" మొదలవుద్ది. అంచున సీటు పట్టండి. పక్కనే బిర్లా మందిర్, తెల్ల పాలరాయి గుడి, ఫోన్లు లోపలికి రానివ్వరు, ఇద్దరిలో ఒకళ్ళు ఫోన్లు పట్టుకుని కింద ఉంటే మళ్ళీ కౌంటర్ దగ్గర నిలబడే పని తప్పుద్ది. ఎండలో ఆ రాయి మీద చెప్పుల్లేకుండా పిల్లల కాళ్ళు కాలతాయి, పొద్దున్నే ఐనా చూస్కోండి, సాక్సులు వేసేయండి.

సాయంత్రం వెళ్ళాలనుకుంటే

పొద్దున కుదరని వాళ్ళు, మధ్యాహ్నం పిల్లల్ని బాగా నిద్రపుచ్చి నాలుగున్నరకి లుంబినీ పార్క్‌కి వెళ్ళండి. బోటులో హుస్సేన్‌సాగర్ మధ్యలో బుద్ధుడి దగ్గరికి తీసుకెళ్తారు, 18 మీటర్ల ఒకే రాతి విగ్రహం, 450 టన్నుల దాకా బరువు. 1990లో తీసుకెళ్తుంటే నీళ్ళలో పడిపోయింది, 1992లో పైకి తీసి నిలబెట్టారు, ఈ కథ బోటులో చెప్పండి, వింటారు. పిల్లలకి సరిపోయే సైజు లైఫ్ జాకెట్ అడిగి వేయించండి, పెద్దది వదులుగా వేస్తే లాభం లేదు, లేదంటే ఆ బోటు వదిలేసి తర్వాతది ఎక్కండి.

తప్పిపోకుండా

ఇది మాత్రం ఎవరూ లైట్ తీసుకోకండి. ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే, ఆ రోజు వేసిన బట్టల్లో పిల్లల ఫుల్ ఫోటో ఒకటి ఫోన్‌లో తీయండి, తప్పిపోతే ఏ రంగు చొక్కా అంటే ఆ కంగారులో గుర్తురాదు. ముంజేతి లోపలి వైపు బాల్ పెన్నుతో మీ ఫోన్ నంబర్ రాసి, చెమటకి పోకుండా పైన పారదర్శకంగా ఉండే టేపు అతికించండి. పసుపో ఎరుపో వేసి తీసుకెళ్ళండి, గుంపులో దూరం నుంచి కనపడుద్ది.

పిల్లలకి చెప్పాల్సింది, మేము కనపడకపోతే ఎక్కడికీ పోకు, ఉన్నచోటే నిలబడి గట్టిగా మా పేరు పెట్టి పిలువు అని. అమ్మా అంటే అక్కడ వంద మంది అమ్మలుంటారు, అందుకే మీ పేర్లు నేర్పించండి. ఎవర్నైనా అడగాల్సొస్తే యూనిఫాం వేసుకున్న వాళ్ళని, లేదా పిల్లలతో ఉన్న ఆంటీని అడగమనండి. మీకు కనపడకపోతే ముందు గేటు దగ్గరికి ఒకళ్ళు పరిగెత్తండి, ఇంకొకళ్ళు చివరిగా చూసిన చోటే ఉండండి, సెక్యూరిటీకి చెప్పండి, 112కి గానీ పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ ఫోన్ చేయండి. నలుగురైదుగురు పెద్దవాళ్ళు వెళ్ళినప్పుడే పిల్లలు తప్పిపోతారు, నువ్వు చూస్తున్నావనుకున్నా, నువ్వు చూస్తున్నావనుకున్నా అని. ఏ పిల్ల ఎవరి బాధ్యతో పేరు పెట్టి చెప్పేస్కోండి, చేతులు మారేటప్పుడు "ఇదిగో నీకిస్తున్నా" అని నోటితో అనండి.

ఎప్పుడు ఆపాలి

లోపలికి వెళ్ళగానే మొదటి బాత్రూమ్ కనపడినప్పుడు అందర్నీ తీసుకెళ్ళండి, రావట్లేదన్నా సరే. గంటకోసారి నీళ్ళు, రెండు మూడు గుక్కలే. పన్నెండుకి ముందే అన్నం పెట్టేయండి, ఆకలేస్తుంది అని వాళ్ళు చెప్పే లోపే. పిల్ల కళ్ళు నలుపుకోవడం, ఊరికే ఎత్తుకోమనడం, చిన్నదానికి చెల్లినో తమ్ముడినో కొట్టడం మొదలుపెట్టిందంటే ఇంకో అరగంటలో ఏడుపు ఖాయం, అప్పుడే గేటు వైపు తిరగండి. "ఇంతదూరం వచ్చి టికెట్ కొని" అని నాన్నలు అంటారు, ఆ మిగిలింది ఇంకోసారి చూడొచ్చు, ఊళ్ళోనే ఉన్నాం కదా.

వెళ్ళే ముందు ఐదు నిమిషాల ముందు చెప్పండి, "ఆ ఏనుగు దగ్గర బై చెప్పి వెళ్దాం" అని, ఒక్కసారిగా లాక్కుపోకండి. ఒప్పుకున్న బుడగో పీచుమిఠాయో ఇప్పుడు కొనివ్వండి. బండిలో నిద్రపోనివ్వండి, కానీ ఇంటికొచ్చాక సాయంత్రం ఐదు దాటి పడుకోనివ్వద్దు, రాత్రి పదకొండు దాకా ఆడతారు. వేడి నీళ్ళ స్నానం, అరికాళ్ళు వేళ్ళ మధ్య చెప్పు కరిచిందేమో చూసి కొంచెం కొబ్బరినూనె, చారన్నం. బ్యాగ్ మాత్రం అదే రాత్రి ఖాళీ చేసేయండి, పెరుగన్నం డబ్బా అందులోనే ఉండిపోతే సోమవారానికి బ్యాగే పారేయాల్సొస్తది.